వారానికి ఎన్నిసార్లు వాడారు?

సోమవారం ఉదయం జరిగే మా జట్టు సమావేశంలో ఆ రోజు తెర మీద మొదట కనిపించింది పూర్తి చేయాల్సిన పనుల పట్టిక కాదు, మా పేర్ల పట్టిక. గడిచిన వారంలో కంపెనీ ఇచ్చిన కృత్రిమ మేధ సాధనాన్ని ఎవరెవరు ఎన్నిసార్లు వాడారో ఒక్కో పేరుకు ఎదురుగా అంకె వేసి ఉంది. ఎక్కువ వాడినవారి గడులు ఆకుపచ్చగా, ఓ మోస్తరుగా వాడినవారివి పసుపుగా, తక్కువ వాడినవారివి ఎర్రగా ఉన్నాయి. నా పేరు కింది నుంచి రెండోది, అంకె 3, రంగు ఎరుపు. ఆ వారమే నేను 180 పేజీల మాన్యువల్ ఒకటి గడువుకు రెండు రోజుల ముందు అప్పగించాను, దాన్ని పరిశీలించిన ఇంజనీర్లు ఒక్క తప్పు కూడా చూపలేదు. ఆ సంగతి తెర మీద ఎక్కడా లేదు. "ఎరుపులో ఉన్నవాళ్లు ఈ వారం కాస్త దృష్టి పెట్టండి" అని మేనేజరు గారు మామూలు గొంతుతోనే అన్నారు. పదహారేళ్లుగా చేస్తున్న పనిలో మొదటిసారి నాకు నలుగురిలో తల ఎత్తలేననిపించింది.

ఆ తరువాత గడిచిన తొమ్మిది నెలల గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. వేరే కంపెనీలలో, వేరే వృత్తులలో ఉన్న స్నేహితులతో ఈ మధ్య ఎప్పుడు మాట్లాడినా చివరికి మాట ఇక్కడికే వస్తోంది. ఒకరు లెక్కలు చూసేవారు, ఒకరు ప్రోగ్రాములు రాసేవారు, ఒకరు పాఠ్యపుస్తకాలకు సంపాదకులు. ముగ్గురికీ పై నుంచి వస్తున్న మాట ఒక్కటే, వాడండి, ఇంకా ఎక్కువ వాడండి అని. దేనికి వాడాలి, వాడితే ఏది మెరుగుపడాలి అని అడిగితే మాత్రం ముగ్గురికీ తిన్నగా జవాబు దొరకలేదు. నేను ఈ సాధనాలకు వ్యతిరేకిని కాను. వాటిని రోజూ వాడుతున్నాను, కొన్ని పనులకు అవి లేకపోతే ఇబ్బంది పడతాను కూడా. నన్ను కుంగదీసింది సాధనం కాదు, నా పని మంచిచెడ్డలను ఆ పని చూడకుండానే ఒక అంకె తేల్చేయడం.

నా వృత్తి మాన్యువల్స్ రాయడం. పెద్ద మోటార్ల వేగాన్ని నియంత్రించే డ్రైవ్‌లను, వాటి ప్యానెళ్లను ఎలా అమర్చాలో, ఎలా నడపాలో, పాడైతే ఎలా విప్పాలో చెప్పే పుస్తకాలను మా జట్టు తయారు చేస్తుంది. బయటి నుంచి చూసేవారికి ఇది తెలిసిన సంగతులను వరసగా పేర్చడంలా కనిపిస్తుంది గాని, ఇందులో సగానికి పైగా రాయడం కాదు, అడగడం. డిజైన్ చేసిన ఇంజనీరును అడగాలి, పరీక్షించిన టెక్నీషియన్‌ను అడగాలి, యంత్రం పాడైన చోటికి వెళ్లి బాగుచేసి వచ్చిన మనిషిని అడగాలి, వారి మాటలు ఒకదానికొకటి పొసగనప్పుడు మళ్లీ మొదటికి వెళ్లి అడగాలి. అదంతా అయ్యాక ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యాన్ని చదివే మనిషి చాలాసార్లు రాత్రి షిఫ్టులో అలసిపోయి, ఒక చేత్తో టార్చి పట్టుకుని, రెండో చేత్తో పేజీ తిప్పుతూ చదువుతాడు. అతనికి ఏ అనుమానమూ రాకూడదు, చేతికి దెబ్బా తగలకూడదు.

చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న విడుదలైంది. మొదటి ఏడాది మా దగ్గర ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఆసక్తి ఉన్నవాళ్లు ఇంట్లో వాడి చూసి మధ్యాహ్నం కూర్చున్నప్పుడు ముచ్చట్లు చెప్పుకునేవారు. ఆ తరువాత కంపెనీ లైసెన్సులు కొని శిక్షణ తరగతులు పెట్టింది. ఆ తరగతులు బాగున్నాయి, వాటిలో నేర్చుకున్నది ఈనాటికీ నాకు ఉపయోగపడుతోంది. మాట మారింది ఆ తరువాతే. వాడి చూడండి అన్నది వాడాలి అయింది, వాడాలి అన్నది ఎంత వాడారో చూస్తాం అయింది, చివరికి ఏడాది సమీక్ష ఫారంలో దానికంటూ ఒక గడి వచ్చి కూర్చుంది. ఇది మా ఒక్క చోటి కథ కాదు. 2025 ఏప్రిల్‌లో, ఆన్‌లైన్ దుకాణాలు నడిపేవారికి సాఫ్ట్‌వేర్ అందించే షాపిఫై కంపెనీ అధిపతి టోబీ లుట్కే తన ఉద్యోగులకు రాసిన లేఖను తానే బయటపెట్టారు. ఏఐని అలవాటుగా వాడటం ఇకపై ప్రతి ఉద్యోగి నుంచీ ఆశించే కనీస విషయమని, పనితీరు సమీక్షలో దాని గురించి అడుగుతామని, అదనంగా మనుషులు కావాలనే జట్టు ఆ పని ఏఐతో ఎందుకు కాదో ముందు చూపించాలని ఆ లేఖలో ఉంది. మా సమావేశాలలో కూడా ఆ లేఖ ప్రస్తావన చాలాసార్లు వచ్చింది.

మొదటి రెండు నెలలు నేను ఈ ఒత్తిడిని తప్పుడు పద్ధతిలో ఎదుర్కొన్నానని ఇప్పుడు అనిపిస్తోంది. ముందు కొన్ని వారాలు పట్టించుకోనట్టు ఉండిపోయాను. రాత్రిళ్లు నిద్ర పట్టక, నా తరువాత చేరినవాళ్లు ఎంత వేగంగా ఆకుపచ్చలోకి వెళుతున్నారో తలుచుకుంటూ ఉండేదాన్ని. ఆ తరువాత లొంగిపోయాను. పూర్తి చేసి, సరిచూసి పెట్టుకున్న పేరాలను సాయంత్రం ఒక్కొక్కటిగా సాధనంలో వేసి, ఇది బాగుందా, ఇంకా చిన్నదిగా చెయ్యి, మళ్లీ మొదటిలాగే చెయ్యి అని అడిగేదాన్ని. ఏ మార్పునూ తీసుకునేదాన్ని కాదు. మూడో వారానికి నా అంకె 3 నుంచి 46కు పెరిగింది, గడి ఆకుపచ్చ అయింది, సమావేశంలో నా పేరు చెప్పి మెచ్చుకున్నారు. ఉద్యోగంలో ఇన్నేళ్లలో నేను అందుకున్న ప్రశంసలలో నాకు సిగ్గు కలిగించినది అదొక్కటే.

మా జట్టులో ఒక పెద్దాయన ఉన్నారు. విద్యుత్ రక్షణ పరికరాల గురించి ఆయనకు తెలిసినంత మా అందరికీ కలిపి కూడా తెలియదు. ఆయన ప్రతి ఉదయం కుర్చీలో కూర్చోగానే సాధనాన్ని ఏవో ఐదారు ప్రశ్నలు అడిగి, జవాబులు చదవకుండానే దాన్ని మూసేసి, ఆ తరువాత అసలు పని మొదలుపెట్టేవారు. ఎందుకండీ ఇలా అని ఒకసారి అడిగాను. "నాకింకా రెండేళ్ల సర్వీసు ఉందమ్మా. ఈ వయసులో ఎర్ర గడిలో నా పేరు చూసుకోలేను" అన్నారు. ఆ మాట అన్నాక ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఒక మనిషి నైపుణ్యాన్ని గౌరవించడం తెలిసిన చోట ఆయనకు ఆ అవసరం వచ్చి ఉండకూడదు.

ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో బ్రిటన్ ద్రవ్య విధానం గురించి రాస్తూ చెప్పిన విషయం ఒకటి ఆయన పేరుతోనే సూత్రంగా ప్రసిద్ధమైంది: ఒక కొలతను లక్ష్యంగా మార్చిన మరుక్షణం అది మంచి కొలతగా ఉండటం మానేస్తుంది. మా పట్టికలో జరిగింది అక్షరాలా అదే. పని ఎంత బాగా జరిగిందో తెలుసుకోవడానికి పెట్టిన కొలత కాస్తా పని పక్కన ఇంకో పనిని పుట్టించింది, ఆ రెండో పనిని మేమందరం మొదటి పనికంటే శ్రద్ధగా చేస్తూ వచ్చాం.

నా నడవడిని మార్చిన సంఘటన మూడో నెలలో జరిగింది. ఒకే శ్రేణికి చెందిన రెండు డ్రైవ్‌ల మాన్యువల్స్‌ను కలిపి ఒకే పుస్తకంగా చేయమన్నారు. చిన్న మోడల్‌కు ఒక పుస్తకం, పెద్ద మోడల్‌కు ఒక పుస్తకం ఉన్నాయి. రెంటిలోనూ ముప్పాతిక వంతు విషయం ఒకటే. ఇలాంటి పనికి ఈ సాధనం సరిగ్గా సరిపోతుందని నాకే అనిపించి, అంకె కోసం కాకుండా పని కోసమే, రెండు అధ్యాయాలనూ ఇచ్చి కలపమన్నాను. రెండు నిమిషాలలో అధ్యాయం వచ్చింది. చెప్పిందే చెప్పడం పోయింది, వాక్యాలు నా వాక్యాలకంటే నునుపుగా ఉన్నాయి. ఒకసారి చదివితే ఎక్కడా ఏ తప్పూ తట్టలేదు. రెండోసారి చదువుతూ హెచ్చరికల దగ్గర ఆగాను. విద్యుత్ సరఫరా ఆపిన తరువాత కనీసం 5 నిమిషాలు ఆగి మూత తెరవాలని అక్కడ ఉంది.

డ్రైవ్ లోపల పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. స్విచ్ ఆపినంత మాత్రాన వాటిలో నిలిచిన విద్యుత్తు పోదు, మెల్లమెల్లగా దిగుతుంది, ఆలోగా ముట్టుకుంటే ప్రాణమే పోవచ్చు. అందుకే ఎంతసేపు ఆగాలో మూత మీద అతికిస్తారు, పుస్తకంలోనూ రాస్తారు, ఆగిన తరువాత కూడా మీటరు పెట్టి వోల్టేజీ లేదని చూసుకున్నాకే చెయ్యి పెట్టమంటారు. మా చిన్న మోడల్‌కు ఆగాల్సిన సమయం 5 నిమిషాలు, పెద్ద మోడల్‌కు 15 నిమిషాలు. సాధనం ఆ రెండు వాక్యాలనూ ఒకటి చేసి, చిన్న అంకెను ఉంచుకుని పెద్ద అంకెను వదిలేసింది. మీటరుతో కొలవమన్న వాక్యం పోలేదు గాని, దాని ముందు "అవసరమైతే" అన్న మాట కొత్తగా వచ్చి చేరింది. పాత పుస్తకాలు రెంటినీ వెతికాను. ఆ మాట ఎందులోనూ లేదు, ఏ ఇంజనీరూ చెప్పలేదు, మేమెవరమూ రాయలేదు.

నేను దాన్ని పట్టుకోగలిగానంటే కారణం ఒక్కటే. కొన్నేళ్ల కిందట పెద్ద మోడల్‌కు మొదటి మాన్యువల్ రాసినప్పుడు, ఆ సమయాన్ని కొలిచే పరీక్ష జరుగుతుంటే టెక్నీషియన్ పక్కన నిలబడి మీటరులో అంకె దిగడం చూశాను. మొదట్లో గబగబా దిగిన అంకె తరువాత నెమ్మదించి, పది నిమిషాలు దాటినా ఇంకా ప్రమాదకరమైన చోటే ఉంది. ఆయన చేతికి తొడుగులు వేసుకుని, వెనక్కి జరగమని నాకు సైగ చేసి, ఏమీ మాట్లాడకుండా గడియారం చూస్తూ నిలబడ్డారు. ఆ దృశ్యం నా కళ్లలో ఉండిపోయింది కాబట్టి 5 అన్న అంకె దగ్గర నా చూపు ఆగింది. అది చూసి ఉండకపోతే ఆ సాయంత్రం, గడువు తరుముకొస్తున్న వేళ, ఆ నునుపైన వాక్యాన్ని దాటి వెళ్లిపోయేదాన్ని. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ పుస్తకం మీద రచయితగా సాధనం పేరు ఉండదు, నా సంతకం ఉంటుంది.

మర్నాడు ఒక నోటు పుస్తకం మొదలుపెట్టాను. ఒక్కో పనికి ఒక్కో వరస: పని ఏమిటి, సాధనంతో చేశానా లేకుండానా, మొదలుపెట్టే ముందు ఎంతసేపు పడుతుందనుకున్నాను, సరిచూసుకోవడంతో కలిపి నిజంగా ఎంతసేపు పట్టింది, ఎన్ని తప్పులు దొరికాయి, అవి ఎలాంటివి. ముందు అనుకున్న సమయాన్ని కూడా రాసుకోవాలన్న ఆలోచన నాకు ఒక అధ్యయనం చదివితే వచ్చింది. మెటర్ అనే పరిశోధన సంస్థ 2025 జులైలో దాన్ని ప్రచురించింది. తమకు బాగా అలవాటైన ప్రోగ్రాములపై పనిచేసే 16 మంది అనుభవజ్ఞులు 246 పనులు చేశారు, వాటిలో కొన్నింటికి ఏఐ వాడవచ్చు, కొన్నింటికి వాడకూడదు. ఏఐ వల్ల 24 శాతం సమయం మిగులుతుందని వారు పని ముందు అనుకున్నారు, పని అయిపోయాక కూడా 20 శాతం మిగిలిందనే నమ్మారు. గడియారం పెట్టి చూస్తే ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. కొద్దిమందితో, ఒక తరహా పనితో చేసిన అధ్యయనం కాబట్టి దాన్ని అన్ని వృత్తులకూ అంటగట్టడం సరికాదు. నాకు అందులో ముఖ్యంగా తోచింది వేగం సంగతి కాదు. అనుభవం ఉన్నవారికి సైతం తమ వేగం తమకు సరిగ్గా తెలియలేదన్న సంగతి. ఎంత మిగిలిందని అడిగి మనుషుల చేత చెప్పించుకుంటే నిజం బయటపడదు, రాసి చూసుకోవాలి.

ఆరు వారాలు రాశాక నా పుస్తకంలో నేను ఊహించనివి కొన్ని కనిపించాయి. కొన్ని పనులలో సాధనం నా సమయాన్ని నిజంగానే సగానికి తగ్గించింది. మూడు వందల పేజీల పుస్తకంలో ఒకే భాగాన్ని ఒక చోట ఒక పేరుతో, ఇంకో చోట ఇంకో పేరుతో పిలిచిన సందర్భాలను వెతికి పెట్టడంలో అది నాకంటే ఓపికగలది. ఇంజనీర్లు ఇష్టం వచ్చినట్టు పంపిన కొలతలను ఒక పట్టిక రూపానికి తేవడం, పాత కూర్పుకూ కొత్త కూర్పుకూ మధ్య ఏం మారిందో తొలి చిత్తు రాయడం కూడా అంతే. నేను ఈ పనులకు దాన్ని వాడకుండా మొండికేసిన వారాలలో నా సమయాన్ని నేనే పాడుచేసుకున్నాను. ఇంకోవైపు, హెచ్చరికలు ఉన్న ప్రతి అధ్యాయంలోనూ సరిచూసుకోవడానికి పట్టిన సమయం, మొదటి నుంచి నేనే రాస్తే పట్టే సమయాన్ని మించిపోయింది. వరస క్రమం ప్రాణాధారమైన చోట, అంటే ఏది ముందు విప్పాలి, ఏది తరువాత విప్పాలి అన్న చోట, అది వాక్యాలను అందంగా చేయబోయి వరసను చెదరగొట్టింది.

మోటార్ల గురించి రాసేదాన్ని గనుక ఈ సందర్భంలో నాకు కర్మాగారాలకు కరెంటు వచ్చిన చరిత్ర గుర్తుకొస్తూ ఉంటుంది. ఎడిసన్ న్యూయార్క్‌లో విద్యుత్ కేంద్రాన్ని నడిపించింది 1882లో. కాని విద్యుత్తు వల్ల అమెరికా కర్మాగారాల ఉత్పాదకత గట్టిగా పెరిగింది 1920లలో. ఈ నలభై ఏళ్ల ఆలస్యం ఎందుకో ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో రాసిన వ్యాసంలో వివరించారు. ఆవిరి యంత్రం ఉన్న రోజులలో కప్పు కింద పొడవైన ఇరుసు ఒకటి తిరుగుతుండేది, బెల్టులతో దాని నుంచి అన్ని యంత్రాలకూ శక్తి అందేది. మొదట్లో యజమానులు ఆవిరి యంత్రాన్ని తీసేసి దాని చోట పెద్ద మోటారు పెట్టి, ఇరుసునూ బెల్టులనూ అలాగే ఉంచారు. ప్రతి యంత్రానికీ దాని సొంత మోటారు వచ్చి, ఇరుసు పోయి, పని నడిచే వరసను బట్టి యంత్రాలను కొత్తగా అమర్చుకున్నాకే అసలు లాభం కనిపించింది. ఆ రోజులలో ఎవరైనా వారానికి ఎన్ని గంటలు మోటారు తిప్పారు అని లెక్క రాసి ఉంటే ఆ లెక్క ఎవరికీ దారి చూపేది కాదు. పని ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు కూర్చుని దాన్ని కొత్తగా అమర్చుకోవడమే దారి చూపింది. నా కార్యాలయం నుంచి నేను కోరుకున్నదీ ఇంతే, నా పనిని కొత్తగా అమర్చుకోవడంలో నన్నూ కూర్చోబెట్టుకోమని.

నోటు పుస్తకం తీసుకుని మేనేజరు గారి గదికి వెళ్లినప్పుడు నా చేతులు కొంచెం వణికాయి. పట్టిక గురించి ఫిర్యాదుతో కాకుండా 5 నిమిషాలు, 15 నిమిషాలు ఉన్న ఆ పేజీతో మాట మొదలుపెట్టాను. ఆయన పాత పుస్తకాన్నీ కొత్త చిత్తునూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. తరువాత తలుపు దగ్గరగా వేసి, "పై సమావేశంలో నన్నూ ఇలాగే రంగుల పట్టికలో పెట్టి అడుగుతున్నారండీ, మా జట్టుది పసుపు" అన్నారు. అంతవరకూ ఆయన్ను ఒత్తిడి పెట్టే మనిషిగానే చూశాను. అదే ఒత్తిడి ఆయన మీదుగా మా మీదికి దిగుతోందని నాకు ఆ రోజే అర్థమైంది. మా ఇద్దరి మధ్య మాట ఆ తరువాత సులువైంది.

ఆయన్ను నేను అడిగినవి చిన్నవే. హెచ్చరికలూ విప్పే క్రమమూ ఉన్న అధ్యాయాలను మనుషులే రాయాలని, మిగిలిన చోట సాధనం వాడితే ఏ భాగానికి వాడామో దస్త్రంలో రాసి పెట్టాలని, ఎన్నిసార్లు వాడామన్న దానికి బదులు సరిచూసుకోవడంతో కలిపి ఎంత సమయం పట్టిందో, ఎన్ని తప్పులు దొరికాయో చూడాలని అడిగాను. మూడోది నా చేతిలో లేదన్నారు. మొదటి రెంటినీ జట్టంతా కలిసి ఒక పేజీగా రాసి ఇస్తే మూడు నెలలు నడిపి చూద్దామన్నారు. ఆ పేజీని ఆరుగురం కూర్చుని రాశాం, పెద్దాయన దానికి మొదటి సంతకం చేశారు.

కలిసి అడగడం వల్ల ఎంత తేడా వస్తుందో చెప్పడానికి నేను తరచు 2023లో అమెరికా సినిమా, టీవీ రచయితల సంఘం చేసిన సమ్మెను ఉదాహరణగా చెబుతాను. 148 రోజులు సాగిన ఆ సమ్మెను ముగించిన ఒప్పందంలో, కంపెనీ అంగీకారంతో రచయిత ఇష్టపడితే ఏఐ వాడుకోవచ్చు గాని, వాడి తీరాలని కంపెనీ రచయితను నిర్బంధించరాదన్న నిబంధన ఉంది. మనలో చాలామందికి అలాంటి సంఘం లేదు, మా ఆరుగురికీ లేదు. అయినా ఒక్కరు వెళ్లి అడిగితే అది ఆ మనిషి వెనకబాటుతనంలా వినిపిస్తుంది, ఆరుగురు కలిసి అడిగితే పని గురించిన మాటలా వినిపిస్తుంది.

బాధ్యత విషయంలో నా సంకోచాలను తీర్చిన కోర్టు తీర్పు ఒకటి ఉంది. చాట్‌జీపీటీ కల్పించిన, అసలు లేనే లేని కేసులను తమ వాదనలో ఉదహరించినందుకు 2023 జూన్‌లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా వేసింది. నమ్మదగిన ఏఐ సాధనం సాయం తీసుకోవడం దానంతట అది తప్పు కాదని, సమర్పించే దానిలో నిజానిజాలు చూసుకోవాల్సిన బాధ్యత మాత్రం న్యాయవాదిదేనని ఆ తీర్పులో ఉంది. నా వృత్తికీ ఇంతకంటే స్పష్టంగా చెప్పాల్సింది లేదు. కంపెనీ రహస్యాలను బయటి సాధనాలలో వేయడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఉద్యోగులు సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టారని తెలిశాక 2023 మేలో శాంసంగ్ అలాంటి సాధనాలను తన దగ్గర నిషేధించింది. అంకె పెంచుకోవాలన్న కంగారులో సొంత ఖాతాలో పని కాగితాలు వేసే ఆలోచన ఎవరికైనా వస్తే, దయచేసి ఆ పని చేయకండి. ఆ తరువాత మిమ్మల్ని కాపాడేవారు ఉండరు.

మూడు నెలలు గడిచాయి. అన్నీ చక్కబడలేదు. వాడకం లెక్క ఇంకా నడుస్తూనే ఉంది, పైవారు దాన్ని ఇంకా చూస్తున్నారు, ఏడాది సమీక్షలో ఆ గడికి ఎదురుగా నాకు "మెరుగుపడాలి" అనే వచ్చింది. అది చదివిన రోజు బాధపడ్డాను. కాని సోమవారం సమావేశంలో రంగుల పట్టికను తెర మీద వేయడం మానేశారు, ఆ చోటికి పనుల పట్టిక తిరిగి వచ్చింది. పెద్దాయన ఉదయం ప్రశ్నలు అడగడం మానేశారు. నేను సాయంత్రం పూర్తయిన పేరాలను సాధనానికి తినిపించడం ఆపేశాను, నా అంకె ఇప్పుడు వారానికి పదిహేనుకూ ఇరవైకీ మధ్య ఉంటుంది, ప్రతి ఒక్కటీ ఏదో పని కోసం వాడినదే. నిద్ర మెల్లగా దారిలో పడింది.

ఇవన్నీ ఒక ఎత్తు, మా జట్టులో కొత్తగా చేరిన అమ్మాయి గురించి నాకున్న ఆందోళన ఒక ఎత్తు. ఆమెకు సాధనం నాకంటే బాగా లొంగుతుంది. కస్టమర్లకు సాయం చేసే ఐదు వేల మందికి పైగా ఉద్యోగులపై ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్, మరో ఇద్దరు పరిశోధకులు చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. ఏఐ సాయంతో వారు గంటకు పరిష్కరించిన సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి, కొత్తవారిలో, నైపుణ్యం తక్కువ ఉన్నవారిలో ఆ పెరుగుదల 34 శాతం, బాగా అనుభవం ఉన్నవారిలో నామమాత్రం. ఆ అమ్మాయిని చూస్తే ఆ అంకెలు నిజమేననిపిస్తుంది. నాకు రెండేళ్లు పట్టిన ధాటి ఆమెకు ఆరు నెలలలో వచ్చింది. అయితే 1983లో లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త యాంత్రీకరణ గురించి రాసిన వ్యాసంలో ఒక హెచ్చరిక ఉంది. మామూలు పనులన్నీ యంత్రానికి అప్పగించి, యంత్రం తడబడే కష్టమైన ఘట్టాన్ని మాత్రం మనిషికి వదిలేస్తే, రోజువారీ సాధన లేని ఆ మనిషి సరిగ్గా ఆ ఘట్టంలోనే అసమర్థుడవుతాడని ఆమె వివరించారు. మా పేజీలో హెచ్చరికల అధ్యాయాలను మనుషులే రాయాలని పట్టుబట్టడానికి పాఠకుల రక్షణ ఒక కారణమైతే, ఆ అమ్మాయి నేర్చుకోవాలన్నది రెండో కారణం.

కిందటి వారం ఆమె ఆ కలిపిన పుస్తకాన్ని చేతిలో పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "ఈ 15 నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయి మేడమ్?" అని అడిగింది. పరీక్ష నివేదిక ఎక్కడుందో చెప్పబోయాను. "అది చదివానండీ, కొలిచేటప్పుడు చూడాలని ఉంది" అంది. గురువారం ప్రయోగశాలలో కొత్త మోడల్‌కు అదే పరీక్ష ఉందని తెలిసి ఇద్దరం వెళ్లాం. టెక్నీషియన్ స్విచ్ ఆపి వెనక్కి జరిగారు. ఆ అమ్మాయి నా నోటు పుస్తకంలోనే కొత్త పేజీ తీసి, నిమిషానికొకసారి మీటరు చూసి అంకె రాసుకుంటూ వచ్చింది. ఐదో నిమిషం దగ్గర పెన్ను ఆపి మీటరు వైపు వంగి చూసింది. పన్నెండో నిమిషంలో తలెత్తి, గొంతు తగ్గించి, "ఇంకా ఉంది మేడమ్" అంది.